కాగితానికో కొలత, గుడ్డకో కొలత

టేపక్క అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంది. ఆ బిల్లు కట్టేది భర్త కాబట్టి ఆ పేరుతో ఆమెకు పెద్దగా పరిచయం లేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా మెడలో కొలతల టేపు వేసుకుని తిరిగే మనిషిని ఏమని పిలవాలో వీధికి ఎవరూ నేర్పక్కర్లేదు. స్నానానికి వెళ్తూ టేపు తీసినా దాని నీడ మెడ మీద పచ్చగా అలాగే ఉంటుందని ఆమె ఆడపడుచు అనేది. ఆడపడుచు మాటల్లో సగం కొట్టేసినా మిగిలిన సగం నిజమే.

దుకాణం మందుల షాపుకీ, తాళాలు బాగుచేసే కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ముందు గదిలో రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, ఎప్పుడూ సగం కుట్టిన చేతులు వేలాడే ఒక తాడు. వెనక గది కొలతలకి. ఆ గదిలో అద్దం లేదు. అద్దం లేని టైలరు షాపేమిటని కొత్తవాళ్లు అడిగితే, "నేనున్నాగా" అనేది టేపక్క.

ఆ గదిలోకి వచ్చిన ప్రతి ఆడమనిషీ మొదట చేసే పని ఊపిరి బిగబట్టడం. బయట ఎంత పెద్ద ఉద్యోగమైనా కావచ్చు, ఎంతమందిని వణికించే గొంతైనా కావచ్చు, చల్లటి టేపు నడుం చుట్టూ తగిలేసరికి పొట్ట ఎక్కడికో వెళ్లిపోతుంది. ఎక్కడికి వెళ్తుందో ఎవరికీ తెలియదు. టేపక్క మాత్రం అది తిరిగి వచ్చేదాకా ఓపిగ్గా ఆగేది. వచ్చాక అసలు కొలత చూసుకునేది. చూసుకుని, పైకి ఇంకో అంకె చెప్పేది.

"నడుము ముప్పై ఆరు."

టేపు మీద ముప్పై ఎనిమిది ఉండేది. తెర అవతల కూర్చున్న ఆడపడుచు గుండ్రటి అక్షరాలతో ముప్పై ఆరని పుస్తకంలో రాసేది. లోపల నిలబడ్డ మనిషి ఊపిరి వదిలేది. ఆ వదిలే ఊపిరి ఎలా ఉంటుందంటే, రోజంతా మూసి ఉన్న ఇంట్లో కిటికీ తెరిచినట్టు ఉంటుంది. తర్వాత గుడ్డ బల్ల మీద పరిచినప్పుడు టేపక్క సుద్దతో ముప్పై ఎనిమిదికే గీత గీసేది. కుట్టడం అయ్యాక బ్రష్షుతో నాలుగు దులుపులు దులిపితే సుద్ద పోయేది. ముప్పై ఆరు పుస్తకంలో పదిలంగా ఉండేది. ముప్పై ఎనిమిది గాల్లో కలిసిపోయేది. గౌను మాత్రం ఒంటికి అతికినట్టు సరిపోయేది.

ఈ అబద్ధం ఆమె ఊరికే నేర్చుకోలేదు. పదహారేళ్లప్పుడు పని నేర్చుకున్న పెద్ద షాపులో మాస్టరు కొలతలు తీసి, హాలు ఆ చివర కూర్చున్న గుమాస్తాకి అరిచి చెప్పేవాడు. వేలంపాటలో గొర్రెల బరువు కూడా అంత ఉత్సాహంగా ఎవరూ చెప్పరు. "నడుము నలభై మూడూ!" అనగానే బెంచీ మీద కూర్చున్న పాతికమంది తలలు ఒక్కసారి తిరిగేవి. ఆ నలభై మూడు తాలూకు మనిషి అక్కడే ఓ పిడికెడయిపోయేది. అయినా ఆ కుదింపు ఏ టేపుకీ అందేది కాదు.

సొంత షాపు పెట్టాక టేపక్క తన పద్ధతి తను పెట్టుకుంది. అందరికీ ఒకే అబద్ధం చెప్పడం ఆమె దృష్టిలో బద్ధకం. కాన్పైన ఏడాది మూడంగుళాలు తగ్గించేది. ఉద్యోగం పోయినవాళ్లకి రెండు. జబ్బు చేసి చిక్కిపోయి భయపడుతున్నవాళ్లకి తగ్గించేది కాదు, ఒకటి పెంచి చెప్పేది. మనిషికో అబద్ధం, కొలిచి, కత్తిరించి, ఒంటికి సరిపోయేట్టు. ఈ సంగతి భర్తకి తెలియదు, ఆడపడుచుకీ తెలియదు. ఆడపడుచైతే ఆ కొలతల పుస్తకాలకి అట్టలు వేసి, ఏడాది వారీగా అలమరలో పేర్చి, పొద్దున్నే గుడ్డతో తుడిచేది. లోకంలో ఒక్క తప్పు లేని పుస్తకాలు ఏవైనా ఉంటే అవి ఈ ముప్పై నాలుగేనని ఆమె నమ్మకం.

అలాంటి షాపుకి ఒక ఆర్టిస్టు వచ్చింది.

ఆమె దేహం మీద పనిచేసే ఆర్టిస్టు. అంటే బట్టలు తయారుచేస్తుంది, కానీ వాటిని ఎవరూ వేసుకోరు. లోపల మనిషి లేని గౌన్లు నిలువెత్తున గోడకి నిలబెడుతుంది. జనం వచ్చి వాటి ముందు తలలు ఒక పక్కకి వంచి నిలబడతారు. ఆమె జుట్టు ఒక వైపు పొట్టిగా, ఇంకో వైపు భుజం దాకా ఉండేది. సగంలో కత్తెర ఎక్కడో పోయిందేమోనని టేపక్క జాలిపడింది. ప్రదర్శన రోజున తను వేసుకోవడానికి కాస్త నలుగురిలో కనిపించే గౌను కావాలని వచ్చింది. వెనక గదిలో చేతులెత్తి నిలబడింది. దేహం గురించి మూడు దేశాల్లో మాట్లాడి వచ్చిన మనిషి పొట్ట కూడా అందరి పొట్టా వెళ్లే చోటికే వెళ్లింది.

"నడుము ముప్పై నాలుగు," అంది టేపక్క.

ఆర్టిస్టు మెల్లగా ఊపిరి వదిలింది. "నిజంగానా అక్కా? పోయినసారి వేరేచోట ముప్పై ఏడన్నారు."

"వాళ్ల టేపు పాతబడి ముడుచుకుపోయుంటుంది లెండి."

ఆర్టిస్టు బయటికి వచ్చి, గాలి పీల్చుకుంటున్న మనిషిలా చుట్టూ చూసి, అలమర దగ్గర ఆగిపోయింది. "ఇవన్నీ ఏమిటి?"

"ఆడవాళ్ల కొలతలు. ఇరవై ఎనిమిదేళ్లవి," అంది ఆడపడుచు, కన్నపిల్లల్ని చూపించినట్టు. "ఒక్క అంకె తప్పుండదు. నా చేత్తో రాశాను."

ఆర్టిస్టు ఒక పుస్తకం తీసి పేజీలు తిప్పింది. తిప్పేకొద్దీ ఆమె కళ్లు తడిశాయి. "అక్కా, మీకు తెలుసా మీరేం చేశారో? ఈ ఊళ్లో ఆడవాళ్ల దేహాల గురించి నిజం రాసిపెట్టిన ఏకైక మనిషి మీరు. మీరు టైలరు కాదు. మీరు ఆర్టిస్టు."

అప్పుడే టేపక్క ఒక్క ముక్క, 'ఆ అంకెల్ని నమ్మకండి' అని చెప్పేసి ఉంటే పీడా వదిలిపోయేది. నోరు తెరిచింది కూడా. కానీ ఆమెని అప్పటిదాకా ఎవరూ ఆ మాట అనలేదు. చేతులు చల్లగా ఉంటాయన్నారు, చెప్పిన రోజుకి ఇవ్వదన్నారు, గుండీలు మాత్రం గట్టిగా కుడుతుందన్నారు. ఆర్టిస్టు అన్నవాళ్లు లేరు. అంత పెద్ద మాట పక్కన ఇంత చిన్న మాట ఎలా పెట్టాలో తోచక, తెరిచిన నోటిలోకి ఒక గుండుసూది పెట్టుకుంది.

ఆర్టిస్టు ఆలోచన ఇది. పుస్తకాల్లోంచి ఐదుగురిని ఎంచుకుంటుంది. వాళ్ల అంకెలతో కోరా గుడ్డలో ఐదు గౌన్లు, తన అంకెలతో ఆరోది. గోడ మీద ఆ కొలతలు మనిషెత్తు అక్షరాల్లో. ప్రారంభం రోజు ఆరుగురూ ఆ గౌన్లు వేసుకుని తమ తమ అంకెల పక్కన గంటసేపు నిలబడాలి. ప్రదర్శన పేరు 'దేహం అబద్ధం చెప్పదు'.

"గౌన్లు నేను కుడతాలెండి," అంది టేపక్క చప్పున.

"వద్దక్కా. మీరు మా అతిథి. బయట గార్మెంట్ యూనిట్లో కుట్టిస్తాను. మనిషిని చూడకుండా, కాగితం ఒక్కటే చూసి కుట్టాలి. పాయింటే అది."

ఐదుగురినీ అడిగితే ఐదుగురూ ఎగిరి గంతేశారు. ఎందుకు వెయ్యరు? ఆ అంకెలు చూసుకుంటే ఎవరికైనా గోడెక్కాలనే ఉంటుంది. బ్యాంకు మేడం తన నడుము అంకెని మిగతావాటికంటే కాస్త లావుగా రాయించమని కోరింది. బస్సు కండక్టరు తన డిపో వాళ్లందరినీ పిలుస్తానంది. నర్సు సెలవు పెట్టింది. ఏడాది క్రితం పెద్ద జబ్బు నుంచి లేచిన సంగీతం టీచరు నవ్వి తలూపింది. బడి హెడ్డమ్మ మాత్రం తన పేజీ తెప్పించుకుని, జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, అంకెల పక్కన 'అంగుళాలు' అని రాయనందుకు సున్నా చుట్టి, తర్వాత ఒప్పుకుంది. పిల్లవాడు చుక్క పెట్టడం మర్చిపోతే అర మార్కు కోసే మనిషి. "నిజం ఎక్కడున్నా గోడ మీద ఉండాల్సిందే" అంది.

ఆ నెల రోజులూ టేపక్కకి కంటి మీద కునుకు లేదు. యూనిట్ వాళ్లు చేతకాక కాస్త వదులుగా కుడతారేమోనని ఒకటే ఆశ. ఇంకో టైలరు పని చెడగొడితే బాగుండునని బతుకులో మొదటిసారి కోరుకుంది. గిరాకీ పోతుందనే భయం ఉంది, లేకపోలేదు. అసలు భయం వేరు. ఆ వెనక గదిలో వాళ్లు ఊపిరి వదిలే ఒక్క క్షణం కోసమే ఆమె ఇన్నేళ్లు అక్కడ కూర్చుంది. సంగతి తెలిస్తే ఆ గదిలో ఇంకెవరూ ఊపిరి వదలరు. అద్దం కొనక తప్పదు.

ఆదివారం పన్నెండున్నరకి అందరూ గ్యాలరీకి చేరారు. నాలుగింటికి ప్రారంభం. గోడలు తెల్లగా, కిటికీలు లేకుండా, ఆపరేషన్ అయ్యాక తెలివొచ్చిన మనిషికి మొదట కనిపించే గదిలా ఉంది. నడిమధ్యలో తెల్లటి దిమ్మ మీద ఒక పాత కుట్టుమిషను, దాని మీద 'తాకరాదు' అన్న పలక. అది శ్రమకి ప్రతీక అని ఆర్టిస్టు చెప్పింది. దానికి సూది లేదని టేపక్క గమనించింది.

ముందు హెడ్డమ్మ తన గౌను తీసుకుని మూలనున్న తెర వెనక్కి వెళ్లింది. కాసేపు నిశ్శబ్దం. తర్వాత జిప్పు సగం దాకా ఎక్కి ఆగిన చప్పుడు. తర్వాత మళ్లీ నిశ్శబ్దం, ఈసారి ఇంకాస్త లావుగా.

"గుడ్డ కుంచించుకుపోయింది," అంది హెడ్డమ్మ లోపలినుంచి.

బ్యాంకు మేడం గౌనులోకి దూరింది గానీ మాట్లాడ్డం మానేసింది. మాట్లాడితే గాలి కావాలి కదా. నర్సు గౌను చంక దగ్గర పర్రున చిరిగింది. కండక్టరు తన గౌను మోకాళ్ల పైకి లాక్కుని అక్కడ వదిలేసి, "నాకింతే రైట్, పోనీ!" అంది. సంగీతం టీచరు గౌనొక్కటీ కొంకికి తగిలించినట్టు వేలాడింది. ఆర్టిస్టు తన గౌను వేసుకుని బయటికి రాలేదు.

లోపలినుంచే ఫోన్ చేసింది. స్పీకర్ మీద యూనిట్ కటింగు మనిషి గొంతు వినపడింది. ఆడగొంతు, వయసున్న గొంతు.

"మేడం, మీరిచ్చిన కాగితం నా ముందే ఉంది. ఒక్క నూలు తేడా రాకుండా కోశాను."

"ఆరింటికి ఆరూ పాడుచేసి మళ్లీ మాటా? మీ ఓనరుతో మాట్లాడతాను. మీలాంటివాళ్లని పనిలో ఎలా పెట్టుకున్నారో కనుక్కుంటాను."

"ఇరవై ఏళ్ల నుంచి కోస్తున్నా మేడం. ఒక్కసారి కూడా..." ఆ గొంతు అక్కడ ఆగింది.

ఆ ఆగడం టేపక్క గుండెల్లో కత్తెరలా దిగింది. ఎక్కడో ఒక ఆడమనిషి బల్ల ముందు నిలబడి, తన చెయ్యి తప్పిందేమోనని తన చేతికేసే చూసుకుంటోంది. చూసుకున్న ప్రతిసారీ ఆ చెయ్యి కొంచెం చచ్చిపోతుంది. టైలరు కానివాళ్లకి అది అర్థం కాదు.

"ఆవిడనేం అనకండి," అంది టేపక్క. "ఆవిడ కోత సరైందే. కాగితమే తప్పు. నేనే తప్పు చెప్పాను."

"ఏ కొలత?" అంది ఆర్టిస్టు.

"అన్నీ."

జరిగిందంతా చెప్పేసింది. పెద్దగా ఏమీ లేదు, నాలుగు వాక్యాలు. ఇరవై ఎనిమిదేళ్లు నాలుగు వాక్యాల్లో పట్టాయి, ఇంకా కాస్త చోటు మిగిలింది.

ముందు తేరుకున్నది ఆడపడుచు. "అంటే వదినా, ఇన్నేళ్లూ నేను రాసిందంతా..."

"నీ అక్షరాలు బాగున్నాయే."

"అక్షరాలెవడికి కావాలి!" అని ఆమె దిమ్మ పక్కన కూలబడింది. అక్కడ కూర్చోవడం కూడా నిషిద్ధమే గానీ ఎవరూ చెప్పలేదు.

హెడ్డమ్మ తెర తొలగించుకుని బయటికి వచ్చింది, సగం జిప్పుతోనే. "అయితే నాది ముప్పై ఎనిమిది కాదన్నమాట."

"కాదు మేడం."

"ఎప్పటినుంచి కాదు?"

"మీ రెండోవాడు పుట్టినప్పటినుంచి."

"వాడికి పెళ్లీడు వచ్చింది!"

"మరే," అంది టేపక్క, తల దించుకుని.

కండక్టరు పకపకా నవ్వింది. "నాకు ముందునుంచే తెలుసు టేపక్కా. మా డిపోలో యూనిఫాం ఇచ్చేవాడున్నాడు చూడూ, అసలు అంకె వీధి చివరికి వినపడేలా అరుస్తాడు. ఆ అంకె నాకు కొత్త కాదు. నీ దగ్గరకొస్తే అరవవని వస్తున్నా."

"తెలిసీ ఏం అనలేదా?" అంది బ్యాంకు మేడం, జిప్పు దించుకుని గాలి తిరిగి వచ్చాక.

"ఏమంటాను? నిజం చెప్పమంటానా? ఆ మాత్రానికి డిపో చాలు."

సరిగ్గా అప్పుడే ఆర్టిస్టు కళ్లు మెరిశాయి. కళాకారులకి ఇదొక వరం. ఇల్లు కూలినా వెలుతురు బాగా పడుతోందంటారు. "అక్కా! ఇదే అసలు వర్క్! గోడ మీద ఆ అంకెలు అలాగే ఉంటాయి. పక్కన నిజం అంకెలు ఎర్రగా రాద్దాం. అబద్ధం, నిజం, పక్కపక్కన. చెప్పండి, ఒక్కొక్కరివీ చెప్పండి." దుప్పటి చుట్టుకుని తెర వెనకనుంచి వచ్చి మార్కరు మూత తీసేసింది.

ఐదుగురు ఆడవాళ్లు టేపక్క ముఖంలోకి చూశారు. అందరి పొట్టలూ మళ్లీ ఎక్కడికో వెళ్లిపోయాయి.

"చెప్తాను," అంది టేపక్క. "ముందు మీదే రాయండి. నడుము..."

"నాదా?" ఆర్టిస్టు చెయ్యి గాల్లో ఆగింది. "నాకు కూడా అబద్ధం చెప్పారా?"

"మీరు గదిలోకి వచ్చినప్పుడు బాగా అలిసిపోయి ఉన్నారు."

ఆర్టిస్టు దుప్పటి బిగించుకుంది. తెల్లటి గోడ వంక చూసింది. అక్కడ తన ముప్పై నాలుగు మనిషెత్తున, సన్నగా, ధీమాగా నిలబడి ఉంది. ఆమె కాసేపు దాన్నే చూసి, ప్రేక్షకుడికి కొంత మిగల్చాలి, అంతా చెప్పేస్తే కళ కాదు అని, మార్కరుకి మూత పెట్టేసింది.

తర్వాత ఫోన్ తీసి కటింగు మనిషికి క్షమాపణ చెప్పింది. టేపక్క అడిగి ఫోన్ తీసుకుని తనూ చెప్పింది. అవతల గొంతు, "కాగితం తప్పయితే నేనేం చేస్తానమ్మా, నాకు మనిషిని చూపించలేదు" అంది. అలా అనగలిగినందుకే టేపక్కకి ప్రాణం లేచొచ్చింది.

హెడ్డమ్మ ఆగలేదు. తన బట్టలు వేసుకుని, గౌను మడతపెట్టి కుర్చీ మీద ఉంచి, "ఇన్నేళ్లు నన్ను చిన్నపిల్లని చేశావు," అని వెళ్లిపోయింది. ఆ మాట నిజమే.

మిగిలినవి ఐదు గౌన్లు, రెండు గంటలు. టేపక్క 'తాకరాదు' పలకని పక్కన పెట్టి, సంచీలోంచి సూది తీసి బిగించి, మిషను ముందు కూర్చుంది. గ్యాలరీ మనిషి పరుగున వచ్చి, "అమ్మా, అది ఎగ్జిబిట్!" అన్నాడు. "కాసేపు మిషన్‌గా ఉండనివ్వు నాయనా" అంది. దిమ్మకి చుట్టిన తెల్లగుడ్డ చీరి పట్టీలు చేసింది. నాలుగు గౌన్లకి పక్క కుట్లు విప్పి పట్టీలు వేసింది. సంగీతం టీచరు గౌనుకి మాత్రం లోపలికి కుట్టు వేసింది. తన నడుము గోడమీది అంకెకి ఒకటి తక్కువని సంగీతం టీచరుకి అర్థమైంది. ఆమె టేపక్క భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీయలేదు.

నాలుగింటికి జనం వచ్చారు. తలలు పక్కకి వంచారు. గడ్డం ఉన్న ఒక పెద్దమనిషి పక్క పట్టీలని చూసి, మిగులు, లోటు, దేహం హద్దుల్ని దాటి పొంగడం అని ఏవేవో అన్నాడు. గోడ మీది అంకెల్ని చూసి, ఇంత నిర్దాక్షిణ్యమైన నిజాయితీని ఈమధ్య చూడలేదన్నాడు. కండక్టరు దగ్గు వచ్చినట్టు నటించింది. హెడ్డమ్మ అంకె పక్కన ఖాళీ గౌను కొంకికి వేలాడింది. అందరికీ అన్నిటికంటే అదే నచ్చింది.

ఆ వారం ఆడపడుచు వదినతో పలకలేదు. అలమర తుడవలేదు. కండక్టరు రెండోరోజే వచ్చింది, బ్యాంకు మేడం ఐదోరోజు. ఇద్దరూ వెనక గదిలో నిలబడ్డారు. టేపక్క టేపు చుట్టి, ఏ అంకె చెప్పాలో తెలియక, ఏమీ చెప్పకుండా సుద్దతో నేరుగా గుడ్డ మీదే గీసుకుంది. తెర అవతల పెన్ను కదల్లేదు. వాళ్లు ఊపిరి వదిలారో లేదో చెవులు రిక్కించి వింది. కండక్టరు వదిలింది. బ్యాంకు మేడం సగం వదిలింది.

హెడ్డమ్మ రాలేదు. నెల, రెండు నెలలు. మూడో నెలలో ఒక సాయంత్రం బస్టాపులో కనిపించింది. రెడీమేడ్ కోటు వేసుకుని ఉంది. భుజం కుట్టు మోచేతి దిక్కుగా జారి, వీపు మీద గుడ్డ గోనెలా మూటకట్టింది. టేపక్క ముఖం తిప్పుకుందామనుకుంది. చేతులు ఒప్పుకోలేదు. ఆమె చూడడం హెడ్డమ్మ కూడా చూసింది. చేతిలోని ఫైలు ఛాతీకి అడ్డం పెట్టుకుంది.

"భుజం దగ్గర అరంగుళం లోపలికి తీస్తే సరిపోతుంది మేడం," అంది టేపక్క, పలకరింపు కూడా లేకుండా.

"ఎంత?"

"అరంగుళం."

"టేపక్కా." అది పిల్లల్ని బల్లెక్కించే గొంతు.

"ముప్పావు," అంది టేపక్క. "రెండు వైపులా."

హెడ్డమ్మ రోడ్డు వంక చూస్తూ నిలబడింది. ఫైలు మెల్లగా పక్కకి దిగింది. బస్సు వచ్చి ఆగింది. ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"సోమవారం బడి వదిలాక వస్తాను. నీ ఆడపడుచు ఆ దరిదాపుల్లో ఉండకూడదు."

"ఉండదు మేడం."

"ఆ పుస్తకం కూడా."

"అదీ ఉండదు."

తలుపు మూసుకుంది. బస్సు కదిలి, మలుపు తిరిగి, కనుమరుగైంది. టేపక్క ఎక్కాల్సింది కూడా ఆ బస్సే.